అమ్మ నంబరు

మా ఇంట్లో ఓటీపీ అన్న మాట అందరికంటే ముందు నేర్చుకున్నది మా అమ్మ. అమ్మకు అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. బస్సు నంబర్లూ ఫోను బటన్లూ చూసి చూసి నేర్చుకుంది. నేనేమో ఏ కంపెనీ ఆఫరు బాగుందంటే దానికి మారిపోయే రకం. డిగ్రీ అయ్యేలోపు నాలుగు సిమ్ములు మార్చాను. అమ్మ నంబరు మాత్రం నా ఎనిమిదో తరగతి నుంచీ అదే. అందుకని నా స్కాలర్‌షిప్పు, ఆధారు, హాస్టలు, అన్ని కాగితాల్లోనూ అమ్మ నంబరే ఉండేది. 2023 మే నెలలో ఎమ్మెస్సీ ఎంట్రన్సుకు దరఖాస్తు పెట్టినప్పుడు కూడా ఏమీ ఆలోచించకుండా అదే రాశాను.

ఆరోజు నేను నల్లగొండలో మా హాస్టలు ఎదురుగా ఉన్న నెట్ సెంటర్లో కూర్చున్నాను. అమ్మ నకిరేకల్ అవతల మా ఊళ్లో ఎవరిదో తోటలో నిమ్మకాయలు కోస్తోంది. తోటలో సిగ్నలు ఉండదు. ముందే చెప్పిపెట్టాను కాబట్టి గట్టు పక్కన బండ ఎక్కి నిలబడింది. అమ్మది బటన్ల ఫోను. మెసేజి చూడాలంటే కాల్ కట్ చెయ్యాలి. కట్ చేసి, అంకెలు చూసి, వాటిని నోట్లోనే తిప్పుకుంటూ మళ్లీ నాకు ఫోను చేసేది. నేను ఎత్తగానే హలో అనేది కాదు. అంటే అంకెలు మర్చిపోతానని భయం.

"మూడు, సున్న, సున్న, ఏడు, ఏడు, రొండు. రాస్కున్నవా?"

"రాసుకున్న."

"అయితే ఇగ మాట్లాడు. ఇయ్యాల ఏం కూర పెట్టిన్రు?"

వెనకాల తోటలో ఆడవాళ్లు నవ్వడం వినిపించింది. అమ్మ పేరు బిక్షమ్మ. బిక్షమ్మకు సర్కారు నుంచి ఫోన్లు వస్తున్నాయని ఆటపట్టిస్తున్నారట. అమ్మ దానికి సిగ్గుపడలేదు సరికదా, తర్వాత నెల రోజులు ఆ మాట ఊళ్లో తనే చెప్పుకుని తిరిగింది.

మా బాపు సోమన్న నకిరేకల్ నిమ్మ మార్కెట్లో హమాలీ. సాయంత్రం లారీలకు బస్తాలు ఎత్తడం అయిపోయాక, ఏడు గంటలప్పుడు అమ్మకు ఫోను చేసేవాడు. ఆయనకు అంకెలు కూడా సరిగ్గా రావు. రెండో బటన్ నొక్కి పట్టుకుంటే అమ్మకు పోయేలా నేనే పెట్టి ఇచ్చాను. అడిగేది ఒక్కటే, ఏమన్నా తేవాలా అని. అమ్మ చెప్పేది కూడా ఒక్కటే, ఏం వద్దు గానీ జల్ది రా అని. ఎప్పుడైనా ఉల్లిగడ్డలో ఉప్పు ప్యాకెట్టో చెప్పేది, చివర జల్ది రా మాత్రం తప్పేది కాదు. అరనిమిషం కూడా పట్టని ఆ ఫోను గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. ఇంట్లో ఉంటే టీవీ చప్పుడు తగ్గించమంటారని విసుక్కునేదాన్ని కూడా.

పరీక్ష జులైలో, నల్లగొండ ఊరి బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీలో. అమ్మ వెంట వస్తానంది. వద్దంటే వినే మనిషి కాదు. నేను లోపల గంటన్నర కంప్యూటర్ ముందు కూర్చుని బయటికి వచ్చేసరికి, అమ్మ కాలేజీ గేటు లోపలి పూలమడిలో గొంతుక్కూర్చుని కలుపు తీస్తోంది. పక్కన పీకిన గడ్డి కుప్ప. వాచ్‌మన్ వేపచెట్టు నీడన కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు, తన మీద పని తగ్గిందని సంతోషంగానే ఉన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. తోటి పిల్లలు చూస్తున్నారు, లే అమ్మా అన్నాను.

"ఉత్తగ కూసుంటే చేతులు గుంజుతున్నయే," అని చేతులు దులుపుకుంది. తర్వాత ఏమొచ్చిందని అడిగింది.

బాటనీ కాబట్టి చాలా వచ్చాయి. అమ్మకు అర్థమయ్యేది ఒకటి ఏరి చెప్పాను. తుంగ గడ్డి శాస్త్రీయ నామం అడిగారన్నాను, సైపరస్ రొటండస్.

"తుంగనా? గది నన్నడిగితే మూడు గంటలు చెప్పేదాన్ని," అంది. బస్టాండు దాకా నడుస్తూ మళ్లీ తనే, "నేను పీకి పారేసేటియే నువ్వు సదువుతున్నవ్ గదా బిడ్డా," అని నవ్వింది.

ఆగస్టులో ఫలితాలు వచ్చాయి. బాటనీలో నా రాంకు నూట ఎనభై మూడు. మా కాలేజీ సార్లు మంచి రాంకే అన్నారు. కాలేజీలను మనం ఇష్టమున్న వరసలో పెడితే ఆ వరసను బట్టి సీటు ఇస్తారని అమ్మకు వివరించాను. హైదరాబాదు పెడితే హాస్టల్లో ఉండాలి, నల్లగొండ పెడితే రోజూ ఇంటి నుంచి పోయి రావచ్చు, నువ్వేమంటావు అన్నాను. అమ్మ ఒక్క క్షణం కూడా ఆగలేదు. పెద్ద కాలేజీ మొదలు రాయమంది. బాపును అడగవా అంటే, ఆయనకేం తెలుసు, ఆయన్ని నేను చూసుకుంటా అంది.

సెప్టెంబరు మొదట్లో సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేసినప్పుడు అమ్మ మరో ఓటీపీ చెప్పింది. అప్పుడు పత్తి చేలో ఉంది. ఆ అంకెలు నాకు గుర్తులేవు. గుర్తుపెట్టుకోవలసిన సంగతి అనిపించలేదు.

ఆ తర్వాత వారానికి జ్వరం వచ్చింది. మూడో రోజు నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాం. బస్సు దిగి మెట్లు తనే ఎక్కింది. ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నారు, ఎక్కించారు, మళ్లీ పడిపోయాయి. ఐదో రోజు తెల్లవారుజామున అమ్మ పోయింది. నలభై మూడేళ్లు.

నేను ఏడవలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, రాలేదంతే. ఊరి ఆడవాళ్లు నన్ను పట్టుకుని ఏడుస్తుంటే నేను వాళ్ల వీపు నిమిరాను. ఎవరు ఏం చెప్తే అది చేశాను. నీళ్లు పెట్టమంటే పెట్టాను, ఫొటో వెతకమంటే వెతికాను, చీర ఏది కట్టాలంటే బీరువా తీసి నిలబడ్డాను.

మాది చర్చికి పోయే కుటుంబం. మా సంఘం పాస్టరు సాల్మన్ అయ్యగారు వచ్చారు. పెట్టె నకిరేకల్ నుంచి వచ్చింది. అయితే మా అవ్వ, అంటే బాపు వాళ్లమ్మ, బాప్తిస్మం తీసుకోకముందు నేర్చుకున్న సంగతులు కొన్ని వదల్లేదు. పోయిన మనిషికి ఇష్టమైన వస్తువు వెంట పంపాలని, ఇంట్లోనే ఉంటే దాని మీద మనసు పెట్టుకుని మళ్లీ మళ్లీ తిరుగుతారని ఆమె నమ్మకం. అయ్యగారు ఇలాంటివి ఒప్పుకోరు. అందుకని అవ్వ ఒక ఉపాయం చేసింది. పూడ్చే బొందల గడ్డ దగ్గర పెట్టె మూసే ముందు అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటారు. అవ్వ నా చున్నీ గుంజింది.

"ఇప్పుడు పెట్టు," అంది మెల్లగా.

నా చేతిలో అమ్మ వక్కాకు సంచీ, దువ్వెన, ఫోను ఉన్నాయి. ఇంటి దగ్గరే అవ్వ నా చేతిలో పెట్టింది. సంచీ, దువ్వెన తలగడ పక్కన పెట్టాను. ఫోను స్విచ్ ఆఫ్ చేసి అమ్మ అరచేతి కింద పెట్టాను. చెయ్యి బరువుగా ఉంది. ఆమేన్ అనేసరికి నేను నా జాగాలో నిలబడి ఉన్నాను. తల ఎత్తి చూస్తే బాపు కళ్లు తెరిచే ఉన్నాయి. నన్నే చూస్తున్నాడు.

ఆ నంబరు మీద నా చదువంతా ఉందని ఆ సమయంలో నాకు తట్టలేదు. అసలు చదువే తట్టలేదు.

తర్వాత రెండు వారాలు మా ఇల్లు మామూలుగానే నడిచింది. బాపు నాలుగో రోజు నుంచే మార్కెట్‌కు పోయాడు. నేను వండాను, అవ్వ తిన్నది, బాపు తిన్నాడు. ఉల్లిగడ్డలు అయిపోతే ఉల్లిగడ్డలు లేకుండా వండాను. పప్పు, చింతపండు పులుసు, నిమ్మకాయ తొక్కు, అంతే. తెమ్మని నేను చెప్పలేదు, ఏం కావాలని ఆయన అడగలేదు. రోజూ ఎనిమిది గంటలకు ఖాళీ చేతులతో వచ్చి కాళ్లు కడుక్కుని కూర్చునేవాడు. ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూడకుండా తినడానికి అలవాటుపడ్డాం. ఏడు గంటలకు ఇంట్లో ఫోను మోగదని నేను గమనించాను గానీ, గమనించినట్టు కూడా అనిపించలేదు.

సోమవారం నాడు మా క్లాసు వాట్సాప్ గ్రూపులో వచ్చింది, వెబ్ ఆప్షన్లు, అంటే కాలేజీల వరస పెట్టడం, మొదలయ్యాయి, శుక్రవారం ఆఖరు అని. నకిరేకల్ బస్టాండు దగ్గర విజేందర్ అన్న నెట్ సెంటరుకు పోయాను. ఆయన దగ్గర జిరాక్సు, దరఖాస్తులు, సిమ్ము కార్డులు అన్నీ ఉంటాయి. హాల్ టికెట్ నంబరు కొట్టాడు, పుట్టిన తేదీ కొట్టాడు. ఓటీపీ పంపామని వచ్చింది. నంబరులో చివరి మూడు అంకెలు మాత్రం కనిపిస్తున్నాయి. నాలుగు, ఒకటి, ఎనిమిది.

"చెప్పు చెల్లె," అన్నాడు విజేందర్ అన్న.

నేను ఆ మూడు అంకెలను చూస్తూ కూర్చున్నాను. ఆయన మళ్లీ అడిగాడు. నంబరు మా అమ్మది అన్నాను. ఆయనకు అమ్మ పోయిన సంగతి తెలుసు. అయితే ఫోను ఇంట్లో ఉంటుంది కదా, తీసుకురా అన్నాడు. ఇంట్లో లేదన్నాను. ఎక్కడుంది అంటే చెప్పక తప్పలేదు.

ఆయన కీబోర్డు మీది చేతులు తీశాడు. జిరాక్సు కోసం నిలబడ్డ ఒకాయన కూడా విని, కాగితాలు పట్టుకుని కొంచెం పక్కకు జరిగాడు. తర్వాత విజేందర్ అన్న దారులు చెప్పాడు. నంబరు మార్చాలంటే హైదరాబాదు పోయి అర్జీ ఇవ్వాలి, శుక్రవారం లోపల అయ్యే పని కాదు. ఇంకొక దారి ఉంది. సిమ్ము ఎవరి పేరు మీద ఉందని అడిగాడు. బాపు పేరు మీద అన్నాను. అయితే ఫికర్ లేదన్నాడు. బాపు వచ్చి వేలిముద్ర వేస్తే అదే నంబరుతో డూప్లికేట్ సిమ్ము వస్తుంది. కాకపోతే కొత్త సిమ్ము ఇచ్చాక ఒక రోజంతా మెసేజ్‌లు ఆపేస్తారు, రూలు అట్లా ఉంది, అందుకని గురువారం లోపల తీసుకురమ్మన్నాడు.

మంగళవారం పొద్దున బాపు ముఖం కడుక్కుంటుంటే చెప్పాను. తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఇంకో తొవ్వ లేదా?"

"లేదు."

"సూద్దాం తియ్," అని సైకిలు తీసుకుని పోయాడు.

ఆరోజు దుకాణానికి రాలేదు. బుధవారం పొద్దున కూడా ఆ మాట ఎత్తలేదు. అవ్వ నా ముఖం చూసి తనకు తోచిన సాయం చెప్పింది. సాల్మన్ అయ్యగారు మిర్యాలగూడ సభలకు పోయారట, రెండు రోజులు ఊళ్లో ఉండరట, మెల్లగా తవ్వి తీసుకుందామంది. వక్కాకు నములుతూ, పొయ్యిలోకి కట్టెలు లేవని చెప్పినంత మామూలుగా చెప్పింది. నేను వెంటనే కాదనలేదు. పార ఎక్కడుందని ఒక్క క్షణం గుర్తుచేసుకున్నాను. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు భయం వేస్తుంది.

ఆ సాయంత్రం బాపు అన్నం ముందు కూర్చున్నప్పుడు నాకు కోపం వచ్చింది. అమ్మ పోయాక నాలో కదిలిన మొదటిది అదే. ఈయనకు నా చదువు మొదటి నుంచీ పట్టదు, పట్టింది అమ్మకే, ఇప్పుడు నేను పోతే వండిపెట్టేవాళ్లు ఉండరని ఊరుకుంటున్నాడు అనుకున్నాను. అనుకున్నదంతా అనలేదు.

"నేను సదువుడు నీకు ఇష్టం లేదా బాపు?"

ఆయన ముద్ద కలపడం ఆపాడు. "రేపు వస్త," అన్నాడు.

గురువారం పది గంటలకు మార్కెట్ నుంచి నేరుగా విజేందర్ అన్న దుకాణానికి వచ్చాడు. చొక్కాకు నిమ్మ వాసన. వేలిముద్ర మిషను ముందు కూర్చోబెట్టారు. బొటనవేలు పెట్టాడు, ఎర్రలైటు వచ్చింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ ఎరుపే. నిమ్మరసంలో నానీ నానీ, బస్తాలు రాసుకుపోయీ, మార్కెట్లో పనిచేసేవాళ్ల వేళ్ల మీద గీతలు మిగలవు. రేషను దుకాణంలో కూడా బాపుకు ఈ గొడవే. విజేందర్ అన్న సబ్బుతో కడుక్కోమన్నాడు, కొబ్బరినూనె రాసి చూశాడు, ఎడమచేతి వేళ్లు కూడా అయిపోయాయి. నేను పక్కన నిలబడి, సరిగ్గా నొక్కుతున్నాడా లేదా అని ఆయన వేలునే చూస్తున్నాను. కావాలనే మెల్లగా పెడుతున్నాడని నాకు అనుమానం.

"గట్టిగ ఒత్తు కాకా," అన్నాడు విజేందర్ అన్న.

బాపు వేలు మిషను మీద పెట్టలేదు. గాల్లోనే ఆపి అడిగాడు. "గిది షురూ అయితే ఆడున్నది బందైతదా?"

"అయితది కాకా. ఒక నంబరుకు ఒకటే సిమ్ము."

"పూరాగ బందా?"

"పూరాగ."

బాపు తల ఊపాడు. ప్యాంటుకు వేలు తుడుచుకున్నాడు, నూనె పోయేలా గట్టిగా తుడుచుకున్నాడు. మిషను మీద పెట్టి, ఇంకో చేత్తో ఆ వేలును పైనుంచి ఒత్తి పట్టుకున్నాడు. పచ్చలైటు వచ్చింది. అయిపోయిందని చెప్పినా కాసేపు వేలు తియ్యలేదు. తర్వాత లేచి, బస్తాలున్నాయని చెప్పి వెళ్లిపోయాడు.

కొత్త సిమ్ము చిన్న కాగితం కవరులో ఇచ్చారు. రేపటి దాకా మెసేజ్‌లు రావు కాబట్టి ఫోనులో వేసే పని లేదు. ఇంటికి తెచ్చి బైబిల్లో పెట్టాను. ఆ సాయంత్రం బాపు రోజూలాగే ఎనిమిదికి వచ్చాడు, రోజూలాగే ఖాళీ చేతులతో.

శుక్రవారం మధ్యాహ్నం మళ్లీ విజేందర్ అన్న దుకాణంలో కూర్చున్నాను. నా ఫోనులో రెండో సిమ్ము జాగాలో అమ్మ నంబరు వేశాను. సిగ్నలు గీతలు వచ్చాయి. ఓటీపీ ఇంకా అడగనేలేదు, ఫోను మోగడం మొదలుపెట్టింది. ఒకటి రీచార్జి కంపెనీ మెసేజి. తర్వాత వరసగా మూడు. మీ ఫోను అందుబాటులో లేనప్పుడు ఈ నంబరు నుంచి మీకు కాల్ వచ్చింది, అని. మూడింటిలోనూ ఒకటే నంబరు, నా ఫోను దాన్ని గుర్తుపట్టి బాపు అని చూపించింది. మంగళవారం ఏడుంబావు. బుధవారం ఏడూ పది. గురువారం ఏడుంబావు.

మొదట నాకు అర్థం కాలేదు. విజేందర్ అన్నను అడిగాను, ఇంతకుముందువి ఎందుకు రాలేదని. ఇలాంటి మెసేజ్‌లు రెండు మూడు రోజులకు మించి ఆగవు, పాతవి వాటంతటవే పోతాయన్నాడు. అంటే అంతకుముందు ఎన్ని పోయాయో ఎవరికీ తెలియదు. బాపు మళ్లీ మార్కెట్‌కు పోబట్టి పదహారు రోజులు. గురువారం దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. పూరాగా బంద్ అని పొద్దున తన చెవులతో విని, తన వేలితో తనే ఒత్తి, సాయంత్రం మళ్లీ చేశాడు.

మంగళవారం ఇంకో తొవ్వ లేదా అని అడిగింది ఎందుకో అప్పుడు తెలిసింది. నేను ఆయన గురించి అనుకున్నవన్నీ ఒక్కొక్కటి గుర్తొచ్చాయి. సిగ్గేసింది. ఏడుపు మాత్రం రాలేదు.

"ఓటీపీ కొట్టిన, చూడు చెల్లె," అన్నాడు విజేందర్ అన్న.

వచ్చింది. ఒక్కొక్క అంకె చదివాను. "ఐదు. ఒకటి. తొమ్మిది. తొమ్మిది. సున్న. ఆరు." చదివాక, రాస్కున్నవా అని అడిగాను. ఆయన నావైపు వింతగా చూశాడు, కంప్యూటరులో కొట్టేవాడికి రాసుకునే పనేముంది.

కాలేజీల వరస వచ్చింది. ఏది మొదలు పెట్టాలని అడిగాడు. నల్లగొండ పెడితే ఎట్లా ఉంటుందని నాకు అనిపించిన మాట నిజం. పొద్దున పోయి సాయంత్రం వచ్చి వండిపెట్టవచ్చు. కానీ ఆ వరస నాది కాదు, అమ్మ పెట్టిపోయింది. పెద్ద కాలేజీ మొదలు పెట్టమన్నాను. కిందికి దిగుతూ మిగతావి. సేవ్ అయిందని వచ్చింది, ప్రింటు తీసి ఇచ్చాడు. పది రోజులకు సీటు కూడా అక్కడే వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి ఆరున్నర అయింది. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. అవ్వ అరుగు మీద కూర్చుని కందిపప్పులో రాళ్లు ఏరుతోంది. సీటు వస్తుందా అంది, వస్తుందన్నాను. ఉల్లిగడ్డల బుట్ట తీసి చూస్తే అడుగున ఎండిన పొట్టు తప్ప ఏమీ లేదు. ఎన్నాళ్లుగా అట్లా ఉందో, రోజూ ఆ బుట్టను జరిపి కారం డబ్బా తీసుకుంటూనే ఉన్నాను.

ఏడు దాటి కొద్దిసేపటికి ఫోను మోగింది. బాపు అని ఉంది. కింద చిన్న అక్షరాల్లో రెండో సిమ్ము అని ఉంది. అవ్వ పప్పు ఏరడం ఆపి నావైపు చూసింది.

ఎత్తాను. అవతల మాట లేదు. లారీ ఇంజను, ఎవరో బస్తాలు సరిగ్గా సర్దమని అరవడం, వాటి వెనక బాపు ఊపిరి. మోగుతుందని ఆయన అనుకోలేదు. రోజూలాగే రెండో బటన్ నొక్కాడు, స్విచ్ ఆఫ్ అని ఎవరో ఆడమనిషి చెప్పే ఆ రెండు ముక్కలు విని పెట్టేద్దామనుకున్నాడు. కట్ చేస్తాడేమోనని భయం వేసింది.

"బాపు," అన్నాను.

ఊపిరి ఆగింది. గొంతు సవరించుకున్నాడు.

"ఏమన్న తేవాల్నా?"

"ఉల్లిగడ్డలు అయిపోయినయి," అన్నాను.

"ఎన్ని తేవాలె?"

"కిలో."

"సరే," అని పెట్టేశాడు.

ఫోను చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను. పొయ్యి మీద ఎసరు పొంగుతోంది. ఏదో చెప్పవలసింది మిగిలిపోయినట్టు అనిపించింది. ఏమిటో తట్టడానికి కొంచెం సేపు పట్టింది. తట్టాక, అమ్మ నంబరు నుంచే బాపుకు ఫోను చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు.

"ఒక మాట మర్సిన," అన్నాను. ఏడుపు అప్పుడు వచ్చింది, మాట మధ్యలో. "జల్ది రా."